విమానంలో ట్రాలీ తోసే నడుముకి ఎంత ముప్పు? వీఆర్‌తో అంచనా వేసే పద్ధతి

నా దగ్గరికి నడుము నొప్పితో వచ్చే క్యాబిన్ క్రూ పిల్లల్లో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు, "నేను పెద్ద బరువులేం ఎత్తలేదు మేడమ్" అని. మరి ఇవాళ ట్రాలీ ఎన్నిసార్లు లాగావమ్మా, పైన బిన్‌లో, అదే సీట్ల పైన ఉండే సామాను అరలో, ఎన్ని బ్యాగులు సర్దావు, బ్యాగు ఎత్తేటప్పుడు నీ కాళ్లు ఎక్కడున్నాయి అని అడిగితే ఆలోచనలో పడతారు. అందులో వాళ్ల తప్పేం లేదు. డ్యూటీలో ఉన్నంతసేపూ కళ్లు ప్రయాణికుల మీద ఉంటాయి, నవ్వు మొహం మీద ఉండాలి, ఇక వెనక నడుము ఏ వంపులో ఉందో ఎవరు చూసుకుంటారు?

అది చూడ్డానికి వర్చువల్ రియాలిటీ, అందరూ వీఆర్ అంటున్నదే, అంటే కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుంటే కంప్యూటర్ గీసిన చోటు చుట్టూ ఉన్నట్టు కనిపించేది, బాగా పనికొస్తుంది. నేను ఫిజియోథెరపిస్టుని, పనిచేసే చోట నొప్పులూ దెబ్బలూ ఎందుకొస్తున్నాయో అంచనా వేసే పని కూడా చేస్తాను. సేఫ్టీ విభాగంలో ఉన్నవాళ్లు, క్రూకి శిక్షణ ఇచ్చేవాళ్లు, ఫిజియోథెరపీ చదువుతున్నవాళ్లు, వీఆర్ గేమ్స్ చేస్తూ ఇంకేదైనా పనికొచ్చేది చేద్దాం అనుకునే డెవలపర్లు, వీళ్లలో ఎవరైనా మొదలుపెట్టగలిగేలా రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను, ఎందుకంటే దీన్ని మర్చిపోయి చేసిన రిపోర్టులు చూశాను. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి చేతిలో నిజమైన బరువు లేకపోతే మీరు కొలిచేది ఆ పని అభినయాన్ని మాత్రమే. గాలిలో ఖాళీ చేతులతో బ్యాగు ఎత్తమంటే ఎవరి నడుమైనా నిటారుగానే ఉంటుంది.

నేరుగా విమానంలోనే చూడొచ్చు కదా?

చూడొచ్చు, చూడాలి కూడా. కానీ దిగిన విమానం మళ్లీ బయల్దేరడానికి మధ్యలో అరగంట దొరికితే గొప్ప, ఆ అరగంటలో క్లీనింగ్, కేటరింగ్, బోర్డింగ్ అన్నీ అయిపోవాలి, అందులో మనం టేపు పట్టుకుని నిలబడితే అందరికీ అడ్డమే. ఎగిరాక ప్రయాణికుల మధ్య కెమెరాలు పెట్టలేం, క్రూ ఒంటికి సెన్సర్లు కట్టి టీ కాఫీలు ఇవ్వమనలేం. పైగా ఒకే బ్యాగుని ఒకే బిన్‌లోకి వేర్వేరు ఎత్తులున్న ఐదుగురు ఎలా ఎత్తుతారో పక్కపక్కన పెట్టి చూడాలంటే నిజం విమానంలో కుదిరే పని కాదు. వీఆర్‌లో అయితే ఒక్క బటన్‌తో బిన్ ఐదు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, క్యాబిన్‌లో లైట్లు తగ్గుతాయి, మూడో వరుసలో ఒకాయన మోకాలు దారిలోకి చాపుతాడు.

ఇక టర్బులెన్స్‌ని, అంటే గాలిలో విమానానికి వచ్చే కుదుపుల్ని, మనం ఆర్డర్ చేసి తెప్పించలేం. అమెరికాలో విమానయానాన్ని నియంత్రించే ఎఫ్‌ఏఏ లెక్కల ప్రకారం 2009 నుంచి 2022 వరకు టర్బులెన్స్ వల్ల తీవ్రంగా గాయపడినవాళ్లు 163 మంది, అందులో 129 మంది సిబ్బందే. ప్రయాణికులు బెల్టు పెట్టుకుని కూర్చుంటారు, క్రూ నిలబడి ఉంటారు, చేతిలో వేడి కాఫీ, పక్కన ఓ బరువైన ట్రాలీ. మన దగ్గర 2022 మే 1న ముంబై నుంచి దుర్గాపూర్ వెళ్లిన విమానం దిగేముందు కుదుపుల్లో చిక్కుకుని ప్రయాణికులతో పాటు సిబ్బందికీ దెబ్బలు తగిలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి క్షణంలో మనిషి మొదట ఏం చేస్తారో, ఎవరికీ దెబ్బ తగలకుండా చూడ్డానికి వీఆర్ తప్ప నాకు వేరే మంచి దారి కనిపించలేదు.

ముందు క్రూతో కూర్చోండి

హెడ్‌సెట్ కొనడానికి ముందు నలుగురైదుగురు క్రూని కూర్చోబెట్టి మాట్లాడండి. ఒక మనిషి బొమ్మ గీసిన కాగితం ఇచ్చి ఎక్కడెక్కడ నొప్పి ఉందో, గత 12 నెలల్లో ఎప్పుడొచ్చిందో, గత 7 రోజుల్లో ఉందా అని గుర్తు పెట్టమనండి. 1987లో వచ్చిన నార్డిక్ ప్రశ్నావళి ఇదే పని చేస్తుంది, దాన్ని తెలుగులోనో హిందీలోనో నోటితో అడిగినా సరిపోతుంది. సంస్థ దగ్గర గాయాల రిజిస్టర్ ఉంటే అదీ చూడండి, కానీ అందులో లేనంత మాత్రాన సమస్య లేదనుకోవద్దు. భుజం పట్టేస్తే చెప్పుకోరు, చెబితే డ్యూటీ పోతుందేమో, ఫ్లయింగ్ అలవెన్స్ పోతుందేమో అని టెన్షన్.

ఈ మాటల్లోంచే ఏ పనులు పరీక్షించాలో తేలుతుంది. ఎక్కువ పెట్టుకోకండి. నేనైతే మామూలుగా నాలుగు తీసుకుంటాను. గ్యాలీలో, అంటే విమానంలో వంటగది లాంటి చోట, ట్రాలీని దాని గూటిలోంచి బయటికి లాగి ఐల్‌లో, అంటే సీట్ల మధ్య దారిలో, తోసుకెళ్లడం. బ్యాగుని పైన బిన్‌లో పెట్టడం, లేదా అప్పటికే ఉన్నదాన్ని పక్కకి జరపడం. గ్యాలీలో అన్నిటికన్నా కిందా, అన్నిటికన్నా పైనా ఉండే కంటైనర్లు తీయడం. ఇక సీట్ బెల్ట్ సైన్ వెలగగానే అంతా సర్దేసి కూర్చోవడం. విమానం తలుపు తెరవడం కూడా కష్టమైన పనే, కానీ మొదటిసారికి దాన్ని వదిలేయండి, తలుపు బరువుని నకలు చేయడం ఒక పెద్ద ప్రాజెక్టు.

టేపూ, తూకమూ

ఇక్కడ బద్ధకిస్తే తర్వాత చేసేదంతా వృథా. విమానం మెయింటెనెన్స్‌కి ఆగినప్పుడో, శిక్షణ కేంద్రంలో ఉండే నకలు క్యాబిన్‌లోనో అనుమతి తీసుకుని ఒక పూట కొలవండి. ఐల్ వెడల్పు, సీటు చెయ్యి ఎత్తు, బిన్ అంచు ఎత్తు, బిన్ మూత పూర్తిగా తెరిస్తే ఎక్కడిదాకా వెళ్తుంది, గ్యాలీలో లాచ్‌ల ఎత్తు, ఓవెన్ అడుగు ఎత్తు. పెద్ద విమానాల్లో ఐల్ కనీసం ఎంత ఉండాలో నిబంధన ఉంది, నేల నుంచి 25 అంగుళాల ఎత్తు వరకు 15 అంగుళాలు, ఆ పైన 20 అంగుళాలు. ఫుల్ సైజు ట్రాలీ వెడల్పు దాదాపు 30 సెంటీమీటర్లు, పొడవు దాదాపు 80. అంటే కింది భాగంలో ట్రాలీకి అటూ ఇటూ మిగిలేది నాలుగేసి సెంటీమీటర్లు. ట్రాలీ పక్కకి మనిషి రావడం అసాధ్యం, ముందుండి లాగాలి లేదా వెనకుండి తోయాలి, అది ఎవరి మోకాలికో తగిలి ఆగితే ఒళ్లు మెలితిప్పి సర్దుకోవాలి. వీఆర్‌లో ఐల్‌ని ఒక్క అరచేయంత ఎక్కువ వెడల్పు చేసినా ఈ మెలికలన్నీ మాయమైపోతాయి.

ట్రాలీని సర్వీస్‌కి నింపిన స్థితిలో తూయండి, ఖాళీగా కాదు. తర్వాత దాన్ని కదిలించడానికి ఎంత బలం కావాలో కొలవాలి. బలాన్ని కొలిచే ఫోర్స్ గేజ్ ఉంటే మంచిది, లేకపోతే ప్రయాణాలకి సూట్‌కేసు తూచుకునే వేలాడే తూకం ఉంటుంది చూశారా, దాన్ని ట్రాలీ హ్యాండిల్‌కి తగిలించి మెల్లగా లాగండి. కదిలే ముందు చూపించిన అంకె ఒకటి, కదిలాక నిలకడగా ఉన్న అంకె ఒకటి, రెండూ రాసుకోండి. చక్రాలు బిగుసుకుపోయిన పాత ట్రాలీ ఒకటి, బాగా తిరిగేది ఒకటి, రెండిటినీ కొలిస్తే ఆ రెండు అంకెల మధ్య తేడా చూసి సేఫ్టీ మేనేజరే ముందుగా కదులుతారు.

ఇంకోటి చాలామంది వదిలేస్తారు, వాలు. విమానం గాలిలో చదునుగా సాగుతున్నట్టు అనిపించినా దాని ముక్కు కొద్దిగా పైకే ఉంటుంది, నేల 2, 3 డిగ్రీలు వాలి ఉంటుంది, ఇంకా పైకి ఎక్కుతున్నప్పుడు అంతకన్నా ఎక్కువ. క్రూలో ఎవరినైనా ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో గ్యాలీ కౌంటర్ మీద పెట్టి లెవెల్ యాప్‌లో కోణం రాసుకురమ్మనండి. ఇప్పుడు లెక్క చూడండి. 80 కిలోల ట్రాలీ, 3 డిగ్రీల వాలు అనుకుంటే వాలు ఒక్కటే దాదాపు 41 న్యూటన్లు వెనక్కి లాగుతుంది, అంటే 4 కిలోలు ఎత్తి పట్టుకున్నంత, దీనికి చక్రాల ఒరిపిడి అదనం. విమానం ఇంకా పైకెక్కుతుండగానే సర్వీస్ మొదలుపెట్టి, నేల 8 డిగ్రీలు వాలి ఉందనుకుంటే అదే ట్రాలీ 109 న్యూటన్లు లాగుతుంది, 11 కిలోలన్నమాట. వెనక గ్యాలీ నుంచి ముందు వరుస దాకా ఆ ఎగువకి తోసుకుంటూ వెళ్లేది 50 కిలోలున్న అమ్మాయి.

గదిని కట్టుకోవడం

ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న ఖాళీ గది చాలు. హెడ్‌సెట్‌కి మెటా క్వెస్ట్ 3 లాంటి వైర్ లేనిది తీసుకోండి, ట్రాలీ చక్రాల కింద వైర్ పడితే మనిషి పడతారు. క్యాబిన్‌ని యూనిటీ, అన్‌రియల్ లాంటి గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో మీ కొలతలతో అసలు సైజుకి కట్టించండి. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ విమానం మోడల్ చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ దాని బిన్ ఎత్తు ఎవరో కంటితో వేసినది, దాన్ని నమ్మితే మీ నివేదిక మొత్తం ఆ ఊహ మీదే నిలబడుతుంది.

చూపించేది హెడ్‌సెట్, తగిలేది నిజం వస్తువు అయ్యేలా పెట్టుకోండి. పాత విమానం సీట్లు దొరికితే రెండు వరుసలు, దొరక్కపోతే వడ్రంగితో సరిగ్గా అదే ఎత్తులో ప్లైవుడ్ సీట్లు చేయించండి, అంచులకి స్పాంజి అంటించండి. బిన్‌కి బలమైన చెక్క అర ఒకటి గోడకి బిగించి, దాని ఎత్తు మార్చేలా చూసుకోండి. నిజం ట్రాలీ ఒకటి సంపాదించి నీళ్ల సీసాలతో నింపండి, దాని పైన ఒక ట్రాకర్, అంటే కదలికని పసిగట్టే చిన్న పరికరం, అతికిస్తే హెడ్‌సెట్‌లో కనిపించే ట్రాలీ దాంతో పాటే కదులుతుంది. వాలు కోసం రెండు మీటర్ల గట్టి ప్లైవుడ్ పలకని ఒక చివర పదిన్నర సెంటీమీటర్లు ఎత్తితే 3 డిగ్రీలు వచ్చేస్తుంది.

కంటికి కనిపించే అంచూ చేతికి తగిలే అంచూ ఒకటేనా అని ప్రతి ఉదయం పరీక్షించాలి. హెడ్‌సెట్‌తో పాటు చేత్తో పట్టుకునే కంట్రోలర్‌ని నిజం బిన్ అంచుకి ఆనించి, తెరమీద కూడా ఆనిందా లేదా చూడండి. రెండు సెంటీమీటర్లకి మించి తేడా ఉంటే మళ్లీ సరిచేయండి, ఎందుకంటే చెయ్యి ఒక్కసారి ఖాళీ గాలిని పట్టుకుంటే ఆ తర్వాత మనిషి ప్రతి కదలికా భయపడుతూ చేస్తారు, ఆ రోజు డేటా ఇక పనికిరాదు.

ఒంటి మీద ఏం కట్టాలి

హెడ్‌సెట్‌కి కచ్చితంగా తెలిసేది తలా రెండు చేతులూ మాత్రమే. మిగతా ఒళ్లంతా సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది, ఆ ఊహ ఎంత సహజంగా కనిపిస్తుందంటే నడుము నిజంగా అంతే వంగిందని మీరు నమ్మేస్తారు. మనకి కావాల్సిందే నడుము. కాబట్టి నడుము వెనక ఒకటి, ఛాతీ పైభాగాన ఒకటి, రెండు పాదాలకి రెండు, రెండు పైచేతులకి రెండు, ఇన్ని ట్రాకర్లు తప్పనిసరి. డబ్బులుంటే ఎక్స్‌సెన్స్ లాంటి సెన్సర్ సూట్ ఇంకా సుఖం. ఏది వాడినా పక్కనుంచి ఒక మామూలు ఫోన్‌తో వీడియో తీస్తూ ఉండండి, లెక్కలో ఏదైనా వింతగా కనిపిస్తే తేల్చేది ఆ వీడియోనే.

మెడ విషయంలో జాగ్రత్త. హెడ్‌సెట్ బరువు అర కిలో ఉంటుంది, పైగా అందులో కింది వైపు చూపు కట్ అయిపోతుంది, మామూలుగా కళ్లు దించి చూసేదాన్ని తల దించి చూస్తారు. అందుకే ట్రాలీ బ్రేక్ పెడల్ కోసం చూసినప్పుడల్లా మెడ అసలుకంటే ఎక్కువ వంగుతుంది. మెడకి సంబంధించిన అంకెల్ని నేను వీఆర్ నుంచి తీసుకోను, నకలు క్యాబిన్‌లో హెడ్‌సెట్ లేకుండా మళ్లీ చేయించి తీసుకుంటాను. అలాగే వీఆర్‌లో దూరాలు ఉన్నదానికన్నా దగ్గరగా అనిపించడం మామూలే, కాబట్టి మొదటి ఐదు నిమిషాలు ఊరికే నడవనివ్వండి, సీట్లు తాకనివ్వండి, అలవాటు పడనివ్వండి.

ఎవరు, ఎప్పుడు, ఏ షరతు మీద

ఇష్టం లేనివాళ్లని పిలవకూడదు. మేనేజర్ వచ్చి "అందరూ చేయాలి" అని చెప్పిన రోజు నేను మొదలుపెట్టలేదు, ఒక్కొక్కరినీ విడిగా అడిగి, వద్దనడం వల్ల ఏమీ జరగదని రాసిచ్చాకే చేశాం. మనిషి నడక, చేతుల కదలిక కూడా వేలిముద్ర లాంటివే, పేరు తీసేసినా ఎవరివో పోల్చుకోవచ్చు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కాబట్టి ఎందుకు తీసుకుంటున్నారు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు అన్నది కాగితం మీద ఉండాలి. రోస్టర్‌కీ, ప్రమోషన్‌కీ, కొత్తవాళ్ల ఎంపికకీ ఈ డేటా వాడబోమని సంస్థ సంతకం పెట్టాలి. ఇది లేకపోతే క్రూ మీ ముందు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు మోకాళ్లు వంచి బరువెత్తి చూపిస్తారు, విమానంలో మాత్రం ఎప్పటిలాగే.

గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు, తరచూ మైగ్రేన్ వచ్చేవాళ్లు, ఈ మధ్యే నడుము దెబ్బ తగిలినవాళ్లు వద్దు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లని ఇంటికి పంపండి. కళ్లు తిరగడం, వికారం కొలవడానికి 1993 నాటి సిమ్యులేటర్ సిక్‌నెస్ ప్రశ్నావళి ఉంది, 16 లక్షణాలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, హెడ్‌సెట్ పెట్టుకోకముందూ తీశాకా రెండుసార్లూ నింపించండి. ఒక్క విడతలో ఇరవై నిమిషాలు దాటొద్దు. అయిపోయాక అరగంట కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపండి, వెంటనే బండి తోలనివ్వద్దు.

ఎత్తులు వేర్వేరుగా ఉన్నవాళ్లని పిలవడం చాలా ముఖ్యం. మన దగ్గర చాలా సంస్థలు అమ్మాయిలకి కనీస ఎత్తు 155 సెంటీమీటర్లు పెడతాయి. ఎమిరేట్స్ లాంటి సంస్థ కాలివేళ్ల మీద లేచి 212 సెంటీమీటర్లు అందుకోగలగాలి అంటుంది. అందుకోవడం వేరు, అక్కడ బరువు పట్టుకోవడం వేరు. కాలివేళ్ల మీద నిలబడి తలపైన బ్యాగు పట్టుకున్న మనిషికి ఆ క్షణంలో నేల మీద ఆధారమే సరిగ్గా లేదు.

అసలు పరీక్ష

డ్యూటీలో వేసుకునే యూనిఫాం, అవే బూట్లు వేసుకుని రమ్మనండి. ట్రాక్‌ప్యాంట్లో మనిషి వంగే తీరు వేరు, బిగుతు స్కర్టులో వంగే తీరు వేరు. ఒక్కో పనిని మూడుసార్లు చేయించండి, పనుల వరస ఒక్కొక్కరికి మార్చండి, లేకపోతే చివర్లో వచ్చిన పనికి అలసట కూడా కలిసిపోతుంది. ప్రతి పని తర్వాత "ఎంత కష్టంగా అనిపించింది, 0 నుంచి 10లో చెప్పమ్మా" అని అడిగి రాసుకోండి. బరువున్న ట్రాలీ పక్కన ఎప్పుడూ ఒక మనిషి హెడ్‌సెట్ లేకుండా నిలబడి ఉండాలి, "ఆగు" అంటే ఆగిపోవాలని ముందే చెప్పి రెండుసార్లు అలవాటు చేయించండి.

బ్యాగు పరీక్షలో నేను చూసినది ఒకటి చెబుతాను. 157 సెంటీమీటర్ల అమ్మాయి, చేతిలో 7 కిలోల బ్యాగు. రెండు అరచేతులూ అడుగున పెట్టి మొహం ఎత్తుకి తెచ్చింది, అక్కడ ఒక్క క్షణం ఆగింది. బ్యాగు కళ్లకి అడ్డం వచ్చి బిన్ అంచు కనిపించడం లేదు, తలని ఎడమకి తిప్పింది. మడమలు లేచాయి. కిటికీ పక్క సీట్లో వీఆర్ ప్రయాణికుడు, మధ్య సీట్లో ఇంకొకరు, అందుకని సీట్ల మధ్యలోకి అడుగు వేయలేక ఐల్‌లోనే నిలబడి చేతులు చాపింది, నడుము వెనక్కి విల్లులా వంగింది, చివరి తోపు వేళ్ల చివర్లతో. మొత్తం నాలుగు సెకన్లు. తీశాక అడిగితే "ఇది తేలికే మేడమ్, 3 వేసుకోండి" అంది. వీడియో చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.

టర్బులెన్స్ పరీక్షలో ఒక పని అస్సలు చేయకండి, తెరమీద క్యాబిన్‌ని ఊపకండి. ఒళ్లు కదలకుండా కళ్ల ముందు ప్రపంచం ఊగితే చాలామందికి వికారం వస్తుంది, కాళ్లు తడబడతాయి. సీట్ బెల్ట్ సైన్ శబ్దం, కప్పులు గలగలలాడటం, క్యాప్టెన్ గొంతుతో క్రూ వెంటనే కూర్చోమనే ప్రకటన, ఇవి చాలు. ఇక్కడ నేల చదునుగా ఉంచండి, ట్రాలీలో బరువు 30 కిలోలకి తగ్గించండి, ఎందుకంటే ఇప్పుడు కొలిచేది నడుముని కాదు, నిర్ణయాన్ని. శబ్దం వచ్చిన క్షణం నుంచి ట్రాలీ ఆపడానికి ఎన్ని సెకన్లు, కాలు ఎర్ర బ్రేక్ పెడల్ మీదకి ఎప్పుడు వెళ్లింది, వేడి పాత్ర ఎక్కడ పెట్టారు, ఎక్కడ కూర్చున్నారు. దగ్గర్లో ఖాళీ సీటు ఉంటే కూర్చోవాలి, లేకపోతే నేలమీదే కూర్చుని సీటు చెయ్యి గట్టిగా పట్టుకోవాలి.

ఒక సీనియర్ క్రూ మెంబర్ చెయ్యి ముందు టీ పాత్ర మీదకి వెళ్లింది. బ్రేక్ తర్వాతే వేసింది, కూర్చోవడం అన్నిటికన్నా చివర. ఎందుకు అని అడిగితే "పక్క సీట్లో చంటిబిడ్డ ఉన్నాడు కదా మేడమ్" అంది. వీఆర్‌లో నిజంగానే అక్కడ ఒక తల్లి ఒళ్లో బిడ్డని పెట్టాం. దాన్ని ఆలస్యం అని మాత్రమే రాస్తే ఆమెకి అన్యాయం చేసినట్టే. వేడి పాత్రని ఒక్క కదలికతో దించి బిగించే చోటు ట్రాలీ మీద లేదు, మేం రిపోర్టులో రాసింది అదే.

అంకెలు ఎలా చదవాలి

భంగిమకి రెబా పద్ధతి వాడండి, 2000లో వచ్చింది, 1 నుంచి 15 దాకా మార్కు ఇస్తుంది, 8 నుంచి ముప్పు ఎక్కువ, 11 నుంచి వెంటనే మార్చాల్సిందే. ట్రాకర్ల నుంచి వచ్చే కోణాల్లో ముఖ్యంగా చూడాల్సినవి నడుము 20 డిగ్రీలు, 60 డిగ్రీలు దాటిన సమయం, పైచెయ్యి 90 డిగ్రీలు దాటిన సమయం. సగటు చూసి మోసపోకండి, నాలుగు సెకన్ల విల్లు సగటులో కరిగిపోతుంది.

ఎత్తడానికి నియోష్ సమీకరణం ఉంది, నియోష్ అంటే పనిచోట భద్రత మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ. అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలు, అక్కడి నుంచి ప్రతి ఇబ్బందికీ కొంత కోత. ఉదాహరణకి చేతులు చీలమండల నుంచి 40 సెంటీమీటర్ల ముందుకి, 165 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయనుకుందాం, బ్యాగు 135 సెంటీమీటర్లు పైకి లేచింది, ఒళ్లు 45 డిగ్రీలు తిరిగింది, నిమిషానికి ఒక బ్యాగు, పట్టు సరిగ్గా లేదు. కోతలన్నీ పోగా మిగిలేది దాదాపు ఆరున్నర కిలోలు. మన దేశీయ విమానాల్లో సాధారణంగా అనుమతించే చేతి బ్యాగే 7 కిలోలు. పైన చెప్పిన అమ్మాయిలా సీట్ల మధ్యకి వెళ్లలేక 50 సెంటీమీటర్లు చాపాల్సి వస్తే పరిమితి 5 కిలోల దగ్గరికి పడిపోతుంది. ఆ 40కీ 50కీ మధ్య తేడాని కచ్చితంగా చూపించగలగడమే వీఆర్ చేసే అసలు మేలు. ఈ సమీకరణం ఒంటి చేత్తో ఎత్తడానికీ, ఇరుకు చోట్లకీ ఉద్దేశించింది కాదు, కాబట్టి నిజంలో పరిమితి ఇంకా తక్కువే అనుకోండి. తోయడం, లాగడానికి ఇది అసలు పనికిరాదు, దానికి తోసే, లాగే బలానికి పరిమితులు చెప్పే స్నూక్ పట్టికలు లేదా ఐఎస్ఓ 11228 అనే అంతర్జాతీయ ప్రమాణం రెండో భాగం చూసి, మీ తూకంలో వచ్చిన అంకెని వాటితో పోల్చండి.

ఏ అంకెనైనా బయటికి చెప్పేముందు కనీసం ఐదుగురితో అదే పనిని నకలు క్యాబిన్‌లో హెడ్‌సెట్ లేకుండా చేయించండి. నడుము కోణం రెండు చోట్లా పది డిగ్రీల లోపు తేడాతో ఉంటే నేను ముందుకెళ్తాను. ఎక్కువ ఉంటే ఆ పనికి వీఆర్ ఫలితం పక్కన పెట్టేస్తాను, ఎంత కష్టపడి తీసినా సరే.

మార్పు దాకా తీసుకెళ్లడం

రిపోర్టులో "క్రూకి సరిగ్గా బరువెత్తడం నేర్పాలి" అని రాసి ముగించకండి. అంత ఇరుకు సందులో సరిగ్గా ఎత్తే పద్ధతి ఏదీ లేదు. బరువైన కంటైనర్లని మోకాలికీ భుజానికీ మధ్య అరల్లోకి మార్చమని కేటరింగ్ వాళ్లకి చెప్పండి. విమానం నిలకడకి వచ్చేదాకా ఫుల్ ట్రాలీ తీయొద్దని సర్వీస్ విధానంలో రాయించండి. ఎగువకి ఇద్దరు పట్టాలి, ఒకరు లాగుతూ ఒకరు తోస్తూ. చక్రాలు బిగిసిన ట్రాలీకి కట్టడానికి ఎర్ర ట్యాగు క్రూ చేతికే ఇవ్వండి, ట్యాగు కట్టినది మళ్లీ విమానం ఎక్కకూడదు. బ్యాగు బరువుని గేటు దగ్గరే తూచాలి, ఎందుకంటే 180 సీట్ల విమానంలో నలుగురు క్రూ ఉంటారు, తలా 7 కిలోలు అనుకున్నా పైనున్న సామాను 1,260 కిలోలు, అందులో సర్దలేక వదిలేసినవన్నీ వచ్చేది ఆ నలుగురి చేతుల్లోకే.

ఒక్కో మార్పునీ ముందు వీఆర్‌లోనే పెట్టి చూడండి. మేం బిన్ అంచుని ఏడు సెంటీమీటర్లు దించి అదే అమ్మాయిని, అదే బ్యాగుతో, అవే బూట్లతో మళ్లీ పిలిచాం. ఈసారి మడమలు నేలమీదే ఉన్నాయి. హెడ్‌సెట్ తీసి ఆమె అడిగిన మొదటి మాట, "ఇది ఏ విమానంలో ఉంది మేడమ్?"